కంప్యూటర్‌లో కూర్చున్న మాస్టారు

కంప్యూటర్ ఉన్న ప్రతిచోటా దాని కడుపులో ఒక కాపలాదారు ఉండి తీరాలని ఉత్తర్వు ఇచ్చిన మహానుభావుడెవరో గాని, కనిపిస్తే ఆయన కాళ్ళు కడిగి ఆ నీళ్ళు నెత్తిన చల్లుకుంటాను! నవ్వకండి. నేను తాగి రాయడం లేదు. ఊరంతా ఆ ఉత్తర్వు మీద దుమ్మెత్తి పోస్తోందని నాకూ తెలుసు. ఒక్కడైనా పూలెత్తి పోయకపోతే ఏం బాగుంటుంది?

సంగతి తెలియనివారు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే వినండి. ఇకమీదట ప్రతి కంప్యూటర్‌లోనూ గోరంత బిళ్ళ ఒకటి ఉండాలి. మీరు బొమ్మగాని, పాటగాని, రాతగాని నకలు తీయబోతే అది అడ్డం పడుతుంది. ఇది ఎవరిది? నీ చేతికెలా వచ్చింది? సొంతదారు అనుమతి ఏదీ? చూపించావా సరే, లేదంటే తెర నల్లబడిపోతుంది. బిళ్ళ లేని కంప్యూటర్ ఇంట్లో ఉంటే నేరం. ఉన్న బిళ్ళను పీకితే మహానేరం. ప్రభుత్వం దానికి మూరెడు పొడుగు పేరు పెట్టింది. మా వీధిలో అంత ఓపిక ఎవరికీ లేదు కాబట్టి 'మాస్టారు' అంటున్నాం. ప్రింటు అయిందా అని అడిగితే, మాస్టారు ఒప్పుకోలేదండీ అంటారు. అంతటితో మాట ముగిసిపోతుంది.

మాస్టార్లంటే నాకు మొదటినుంచీ గౌరవమే. నన్ను ఏడో క్లాసులో బడి నుంచి గెంటేసింది కూడా ఒక మాస్టారే కదా! పరీక్షలో నా కాగితమూ పక్కవాడి కాగితమూ అచ్చు గుద్దినట్టు ఒకేలా వచ్చాయి. ఎవడు రాశాడో ఎవడు చూశాడో నాకెలా తెలుస్తుందిరా, ముందు కాగితం ఇచ్చినవాడే రాసినవాడు అని తీర్పు చెప్పాడాయన. పక్కవాడు నాకంటే పావుగంట ముందే ఇచ్చేసి గోళీలాడుకుంటున్నాడు. చూసి రాసేవాడికి పని తొందరగా తెమలదూ మరి? నేనేమో రాయడం అయిపోయాక కూడా తలకట్లు దిద్దుకుంటూ కూర్చున్నాను.

ఆ తలకట్ల పిచ్చే తరవాత నాకు అన్నం పెట్టింది. బోర్డులు రాసే పనిలో చేరాను. రేకు మీద సుద్ద దారం కొట్టి గీత గీసుకోవడం, ఎనామిల్ పెయింటులో బ్రష్షు ముంచి ఊపిరి బిగబట్టి ఒక్క లాగులో 'ళ' తిప్పడం. మా వీధిలో మందుల షాపు, గడియారాల షాపు, ఫొటో స్టూడియో, పళ్ళ డాక్టరు, అందరి పేర్లూ నా చేతి మీదుగానే గోడలెక్కాయి. తరవాత మా ఎదురుగా ఫ్లెక్సు షాపు వెలిసింది. నేను మూడు రోజులు రాసే బోర్డును ఆ మిషను మూడు నిమిషాల్లో కక్కి పారేసేది. నా బ్రష్షులు గట్టిపడి చీపురుపుల్లలైపోయాయి.

ఆ ఫ్లెక్సులను నోరారా తిట్టుకున్నాను. రంగులను తిట్టాను, వాటి మీద పళ్ళికిలించే మొహాలను తిట్టాను. అక్షరాల దగ్గరికొచ్చేసరికి మాత్రం నోరు పడిపోయేది. తలకట్టు చివర పిచ్చుక తోకెత్తినట్టు చిన్న విరుపు. ఎక్కడో చూసిన మొహంలా ఉండేవి. ఇవి నా అక్షరాల్లా లేవుటే అని ఒకసారి మా ఆవిడతో అంటే, "లోకంలో బాగున్నవన్నీ నీవే, బాగోలేనివన్నీ నా పుట్టింటివి" అని కూర కలుపుకుంటూ పోయింది.

అలాంటి రోజుల్లో వచ్చాడు మాస్టారు. ఆహా, ఏం రాక!

మా బావమరిది ఒక ఆఫీసులో గుమాస్తా. పన్నెండేళ్ళుగా ఒకే సెలవుచీటీ ప్రింటు తీసి ఇస్తున్నాడు: జ్వరంగా ఉన్నందున రాలేను. మాస్టారు పట్టేసుకున్నాడు. ఈ వాక్యం ఇదివరకే చాలామంది వాడారు, ఈ జ్వరానికి మొదటి సొంతదారు ఎవరో తేల్చమన్నాడు. అప్పటినుంచీ మావాడు సెలవు కావాలంటే కొత్త రోగం పుట్టించాల్సిందే. మొన్న 'ఎడమ చెవిలో నీరసం' అని పెట్టాడు. పై అధికారి చదివి కళ్ళు తుడుచుకుని రెండు రోజులు ఎక్కువే ఇచ్చాడట. ఇన్నాళ్ళూ వాడిలో ఇంత రచయిత నిద్రపోతున్నాడని ఎవరికి తెలుసు?

ఫొటో స్టూడియోకి కవల పిల్లలను తీసుకొచ్చారు. పెద్దవాడి ఫొటో వచ్చింది. చిన్నవాడి దగ్గర మాస్టారు మొరాయించాడు. ఇది ముందుదానికి నకలు, ముందువాడి అనుమతి కావాలన్నాడు. పెద్దవాడికి నాలుగేళ్ళు. తమ్ముడి చేతిలో ఉన్న బొమ్మకారు తనకిస్తేనే వేలిముద్ర వేస్తానన్నాడు. చూశారా, అన్నదమ్ముల మధ్య వ్యవహారజ్ఞానం ఎంత చిన్నప్పుడే వచ్చేస్తోందో!

అన్నిటికంటే గొప్ప మేలు పెద్దలు మాట్లాడే సభలకు జరిగింది. ఒక పెద్దమనిషి వేదికెక్కి చేతిలో చిన్న కంప్యూటర్ తెరిచాడు. ఇది పోయినేడాది ఉపన్యాసం, అది అంతకుముందేడాదిది, అదేమో ఇంకొకరిది అని మాస్టారు ఒక్కొక్క వాక్యమే కొట్టేసుకుంటూ పోగా చివరికి 'నమస్కారం' ఒక్కటి మిగిలింది. ఆయన అదే చెప్పి దిగిపోయాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇలాంటి ప్రభుత్వాన్ని తిట్టడానికి మీకు మనసెలా ఒప్పుతోందండీ?

ఇక మా ఫ్లెక్సాయన సంగతి. ఆయన దగ్గరున్న గులాబీలు ఎవరివో. సూర్యోదయాలు ఎవరివో. పావురాలైతే బొత్తిగా దొంగసొత్తు. మిషను చల్లబడింది. జనం రోడ్డు దాటి మళ్ళీ నా గుమ్మంలోకొచ్చారు. కొత్త బ్రష్షులు కొన్నాను. పెయింటు వాసనకి మా ఆవిడ తుమ్ముతుంటే నాకు సంగీతంలా వినిపించింది.

అప్పుడే మరో గిరాకీ తగిలింది. ఉత్తర్వును ఎదిరించడానికి కంప్యూటర్లవాళ్ళంతా సంఘం కట్టారు. దానికి పెద్ద ఒక కాలేజీ లెక్చరరు. ఊరేగింపుకి అట్టలు ప్రింటు చేయిద్దామంటే మాస్టారు కుదరనిస్తేనా? 'మా హక్కులు మాకు కావాలి' అన్నది ఇదివరకే వేరేవాళ్ళు అడిగేశారట! చివరికి రెండొందల అట్టలు చేత్తో రాయమని నా దగ్గరికే వచ్చాడు. ఉత్తర్వు చాలా మంచిదని, దొంగలకే మాస్టారంటే భయమని ఆయనకి గంటసేపు హితబోధ చేశాను. ఆయన ఓపిగ్గా విని, ఇంతకీ మీరు ఎటువైపండీ అన్నాడు.

"బ్రష్షు తిరిగినవైపు" అన్నాను.

రెండొందలూ రాసిచ్చాను. ఎర్ర రంగు, నల్ల అంచు, తోకెత్తిన తలకట్లు. చూడముచ్చటగా ఉన్నాయి.

ఇంత సంబరంలోనూ నా మనసు ఒక్క బోర్డు మీదే ఉంది. మా అమ్మాయి కుట్టుపని నేర్చుకుని ఆరేళ్ళు ఒకరి కింద పనిచేసింది. ఇప్పుడు సొంత షాపు. చిన్న గది అద్దెకు మాట్లాడుకుంది, రెండు మిషన్లు తెచ్చుకుంది. ఇరవయ్యో తారీఖులోగా లైసెన్సు తేకపోతే గది ఇంకొకరికి ఇచ్చేస్తానని గది యజమాని ముందే చెప్పాడు. లైసెన్సు దరఖాస్తుకి బోర్డు నమూనా కంప్యూటర్ ప్రింటు జతచేయాలి. ఎవరు ఏది చేసినా బోర్డు మాత్రం నువ్వే రాయాలి నాన్నా అంది పిల్ల. నేను జీవితంలో ఎన్నో బోర్డులు రాశాను గాని నాలుగుసార్లు చింపి మళ్ళీ రాసింది ఆ ఒక్కదానికే.

నమూనా కాగితం మీద రాసుకుని దర్జాగా రోడ్డు దాటి ఫ్లెక్సు షాపుకి వెళ్ళాను. ఫ్లెక్సాయన దాన్ని మిషను మీద బోర్లించాడు. వెలుగు అటు నుంచి ఇటు పాకింది. తెర నల్లబడింది. దాని మీద రెండు ముక్కలు: ఈ అక్షరాలు ఫలానా కంపెనీ సొత్తు. నకలు తీయుటకు మీకు అనుమతి లేదు.

"మీ మాస్టారుకి మతి పోయినట్టుంది. ఇవి నేను పొద్దున్న మా ఇంట్లో రాసినవి" అన్నాను.

ఫ్లెక్సాయన నా వంక చూడకుండా ఏదో నొక్కాడు. అక్షరాలన్నీ వరసగా తెర మీదికొచ్చాయి. అ నుంచి ఱ దాకా. ప్రతిదానికీ పిచ్చుక తోక.

"ఇన్నేళ్ళూ నేను ప్రింటు చేసింది వీటితోనే అన్నయ్యా. నువ్వు రాసినవని నిజంగా తెలీదు" అన్నాడు.

గుర్తొచ్చింది. మా అమ్మాయి అప్పటికి పాకుతోంది. ఇద్దరు కుర్రాళ్ళు కెమెరా తగిలించుకుని వచ్చారు. మీ రాత అద్భుతమండీ, ఒక చార్టు మీద అన్ని అక్షరాలూ రాసిస్తారా అన్నారు. అంతవరకు నా రాతను అద్భుతమన్నవాడు లేడు. రోజంతా కూర్చుని రాశాను. కింద మూల సంతకం కూడా చేశాను. టీ తెప్పించారు. రెండు బిస్కెట్లు కూడా! చార్టు చుట్టుకుని వెళ్ళిపోయారు. సంతకం ఉన్న మూల కత్తిరించడానికి వాళ్ళకి ఎంతసేపు పట్టి ఉంటుంది?

అంటే నా పొట్ట కొట్టిన ఫ్లెక్సు నా చేత్తోనే కొట్టిందన్నమాట. పోనీలెండి, పరాయి చేతి దెబ్బ తినలేదు.

మర్నాడు ఊరేగింపు. పోలీసులు అడ్డం వచ్చారు. నినాదాల జోలికి పోలేదు. ఒక అధికారి చేతిమిషను తీసి అట్టల మీద పెట్టి, ఈ అక్షరాలకు అనుమతి ఉందా అన్నాడు. లేదు కదా! రెండొందల అట్టలూ వ్యాను ఎక్కాయి. జనం ఖాళీ చేతులు ఊపుకుంటూ నడిచారు. లెక్చరరు నా వైపు చూసిన చూపు మీకు చెప్పలేను. బ్రష్షు ఎటు తిరిగిందో ఆయనకి బాగా అర్థమైనట్టుంది.

నేను మాత్రం ఉత్తర్వు మీద నమ్మకం పోగొట్టుకోలేదు. దొంగలను పట్టడానికే కదా మాస్టారు వచ్చింది? దొంగ ఎవరో చెప్పడానికి నేనే స్వయంగా నకలు నివారణ కార్యాలయానికి వెళ్ళాను. అక్కడి గుమాస్తా మర్యాదస్థుడు. కుర్చీ చూపించాడు. కంపెనీవారు ఇరవయ్యేళ్ళ కిందటే నమోదు చేసుకున్నారండీ, ముందు నమోదు చేసుకున్నవారే సొంతదారు అన్నాడు. ఆ గొంతు ఎక్కడో విన్నట్టనిపించింది. ఏడో క్లాసులో.

అభ్యంతరం ఉంటే మూడు కాపీలు ఇవ్వమన్నాడు. మాస్టారు కాపీ తియ్యనివ్వడం లేదంటే, చేత్తో రాయమన్నాడు. అక్కడే బల్ల మీద కూర్చుని మూడూ రాశాను. ఆయన మొదటి కాగితాన్ని మిషనులో పెట్టాడు. అది కీచుమంది.

"ఇది కంపెనీవారి అక్షరాల్లో ఉందండీ. తీసుకోవడానికి రూల్సు ఒప్పుకోవు" అన్నాడు.

"ఇది నా చేతిరాత బాబూ."

"అదే చెబుతున్నాను. చేతిరాత మార్చుకుని రండి."

ఎంత తేలిక మార్గమో చూడండి! ప్రభుత్వం ఎప్పుడూ దారి చూపించకుండా వదిలేయదు.

అప్పటికి పద్దెనిమిదో తారీఖు. ఇంటికొచ్చి బ్రష్షు ఎడమ చేత్తో పట్టుకున్నాను. 'క' తూలి పక్కనున్న 'ట' మీద పడింది. తలకట్లు గాలికి లేచిన పైకప్పుల్లా తలో దిక్కూ పోయాయి. అద్దె అక్షరాలతో అయినా చక్కటి బోర్డు పెట్టుకో తల్లీ, కంపెనీ అనుమతి మీ మామయ్య చేత అడిగిస్తాను అన్నాను. అమ్మాయి ఆ కాగితాన్ని వెలుగులోకి ఎత్తి పట్టుకుంది.

"వంకరుంటే ఉండనీ నాన్నా. కుట్టు వంకరపోతే విప్పి మళ్ళీ కుడతాను గాని, పక్కవాళ్ళ జాకెట్టు తెచ్చి నాదే అంటానా? ఇది నీ చేతిదే కదా, ఇదే పెడదాం" అంది.

మర్నాడు ఆ వంకర నమూనాను ఫ్లెక్సాయన మిషను మీద బోర్లించాడు. వెలుగు పాకింది. అభ్యంతరం లేదు అని వచ్చింది. లోకంలో ఇంత ఘోరంగా రాసినవాడు ఇంకొకడు లేడట! పుట్టిన తరవాత మొదటిసారి ఒక మాస్టారు నన్ను పాస్ చేశాడు.

ఇరవయ్యో తారీఖు సాయంత్రానికి లైసెన్సు వచ్చింది. షాపు తెరిచారు. తూలిపోతున్న ఆ బోర్డు కిందే మా అమ్మాయి రెండు మిషన్లూ పరుగెడుతున్నాయి. బోర్డు చూసి నవ్వుకుంటూ లోపలికొచ్చినవాళ్ళు కొలతలిచ్చి వెళుతున్నారు.

అందుకే మళ్ళీ చెబుతున్నాను, ఈ ఉత్తర్వు దివ్యమైనది. నాకున్న ఒక్క చేతిరాతను రెండు చేసింది. కాకపోతే మొన్న ఒక చిన్న విషయం జరిగింది. ఇద్దరు కుర్రాళ్ళు కెమెరా తగిలించుకుని ఆ బోర్డు కింద నిలబడ్డారు. ఈ స్టైలు అద్భుతమండీ, ఇలాంటిది ఎక్కడా చూడలేదు, ఒక చార్టు మీద అన్ని అక్షరాలూ రాసిస్తారా అన్నారు. టీ కూడా తెప్పించారు.

టీ తాగాను. తాగి, ముందు మీరొక కాగితం రాసివ్వండి బాబూ అన్నాను. ఈ అక్షరాలు ఈ ముసలాయనవి అని. మూడు కాపీలు.

ప్రింటు తియ్యడానికి మాస్టారు ఒప్పుకోడండీ అన్నారు.

చేత్తో రాయమన్నాను. ఇద్దరూ జేబులు తడుముకున్నారు. ఒక్కడి దగ్గరా కలం లేదు. బ్రష్షు నేనే ఇచ్చాను. ఇంకా రాస్తున్నారు.