టైలరు గారి ఎడమ చెయ్యి

ఆ ఉదయం టైలరు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చెయ్యడం, ఎడమ జబ్బకు గుండ్రటి ప్లాస్టరొకటి అంటించుకోవడం, రెండు వీధుల అవతలున్న కూతురింటికి వెళ్లి నెల పిల్లయిన మనవరాలిని కరువుతీరా ఎత్తుకోవడం.

ప్లాస్టరు ఎందుకంటే, పిల్ల పుట్టిన రోజునే అల్లుడు చట్టం చేశాడు. ఈ ఏడాది ఫ్లూ టీకా వేయించుకోనివాళ్లు పిల్లను ముట్టుకోకూడదు. టైలరు భార్య మర్నాడే వేయించుకుని వచ్చింది. టైలరు మాత్రం, "పోయినేడు వేయించుకున్నాగా, అదెక్కడికి పోతుంది?" అని వాదన పెట్టుకున్నాడు. "ఏటేటా వేయించుకోవాలి నాన్నా. ఆ జ్వరం ఏడాదికో వేషం కడుతుంది" అంది కూతురు. నిజానికి ఆయనది వాదన కాదు, భయం. ముప్పై ఏళ్లుగా సూదితోనే పొట్ట పోసుకుంటున్న మనిషికి, ఆ సూది తనవైపు తిరిగితే పరుగు తప్ప మరోటి తోచదు. పోయినేడు కూడా ఇద్దరు గట్టిగా పట్టుకుంటేగాని పని జరగలేదు.

భార్య రోజూ పిల్లకు నీళ్లు పోసి వస్తుంది. ఆవిడ గుమ్మంలో అడుగుపెట్టగానే టైలరు వెళ్లి ఆవిడ భుజం వాసన చూసేవాడు. అక్కడ కాసిన్ని పాల వాసన ఉండేది. "సిగ్గు లేదూ?" అనేదావిడ. లేదు. పిల్లమీది బెంగ ఆయనలో సిగ్గుకి చోటు మిగల్చలేదు.

ప్లాస్టరు చూడగానే కూతురి మొహం చేటంత అయింది. "వేయించుకున్నావా నాన్నా! ఉండు, తీసుకొస్తా" అని లోపలికెళ్లి పిల్లనెత్తుకుని వచ్చింది. టైలరు అప్పుడు నోరు మూసుకుని ఉంటే కథ అక్కడితో సుఖాంతం. కానీ కొత్తగా అబద్ధమాడేవాడికి ఒక్క అబద్ధంతో తృప్తి ఉండదు.

"ఏం టీకానో ఏమోనమ్మా, చెయ్యి లాగేస్తోంది. పైకి లేవడమే లేదు" అన్నాడు.

కూతురు ఆగిపోయింది. "లేవని చేత్తో పిల్లనెలా ఎత్తుకుంటావు? నొప్పి తగ్గాక రా" అని వెనక్కి తిరిగింది. దుప్పటి అంచున ఒక చిన్న పిడికిలి కనిపించి మాయమైంది. చేతికందింది నోటికందలేదు.

ఈ మాట ఎదురింటి పిన్నిగారి చెవిన పడింది. ఆవిడ నోట్లో నువ్వు గింజ నానదు. టీకా దెబ్బకి టైలరుకి చెయ్యి లేవట్లేదన్నది కాస్తా వీధి మలుపు తిరిగేసరికి చెయ్యి పడిపోయిందైంది. భోజనాల వేళకి ఒక పక్కంతా పడిపోయింది. ఖాతాదారులు ఒక్కొక్కరే షాపుకొచ్చి, పరామర్శ ముందు, గుడ్డ వెనక్కివ్వమనడం తర్వాత. టైలరు ఎడమ చెయ్యి వేలాడేసుకుని, మిషను తొక్కడానికి లేక, బిక్కమొహంతో కూర్చున్నాడు.

ఆఖరికి వీధి చివర క్లినిక్ నర్సమ్మే వచ్చింది. ఆవిడ వెనక సగం వీధి.

"మీ పుణ్యమా అని నా దగ్గరున్న లైనంతా పారిపోయింది. ఏదీ, పడిపోయిన చెయ్యేది?"

టైలరు కంగారులో కుడి చెయ్యి చూపించాడు.

"ప్లాస్టరు ఎడమ చేతికుంది" అంది నర్సమ్మ. "పైగా ఈ వీధిలో టీకా వేసేదాన్ని నేనొక్కదాన్నే. మీకెప్పుడు వేశాను?"

కబురు విని పరుగెత్తుకొచ్చిన కూతురు జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. "నాన్నా, అబద్ధమా?"

"భయమమ్మా" అన్నాడు టైలరు. "సూదంటే భయం. పిల్లని ఒక్కసారి ఎత్తుకోకపోతే ప్రాణం నిలవనట్టుంది. రెండూ నిజమే."

తర్వాత తనే లేచి, క్లినిక్‌కి నడిచి, కుర్చీలో కూర్చుని కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "కానివ్వండి" అన్నాడు.

"అయిపోయింది, లేవండి" అంది నర్సమ్మ.

పడిపోతాడనుకున్న మనిషి నిక్షేపంగా లేచి నిలబడేసరికి, పారిపోయిన లైను మళ్లీ కట్టింది. టైలరు ధీమాగా దానివంక చూశాడు. చిట్టచివర ఒక పొడుగాటి మనిషి వెనక ఎవరో చొక్కా చెయ్యి మడుచుకుని దాక్కుంటున్నారు. ఆ చొక్కా తను కుట్టిందే.

"అల్లుడూ! ఆఫీసులో వేయించుకున్నానన్నావుగా?"

"ఆఫీసులో... లైను పెద్దదిగా ఉండింది మామయ్యా."

కూతురు మొగుడివంక చూడను కూడా లేదు. "టీకా పూర్తిగా పనిచెయ్యడానికి ఎన్నాళ్లు పడుతుంది?" అని నర్సమ్మని అడిగింది. రెండు వారాలంది ఆవిడ. చట్టం చేసినవాడికీ తప్పించుకోబోయినవాడికీ ఒకే శిక్ష పడింది: రెండు వారాలు షాపులో మకాం. టైలరు భార్య కూతురికి తోడుగా వెళ్లింది.

సాయంత్రం కత్తిరింపుల బల్లకి అటొకరు ఇటొకరు కూర్చున్నారు. ముందు టైలరే నోరు విప్పాడు.

"నువ్వు నెల్లాళ్లు ఎత్తుకున్నావు. ఎంత బరువుంటుంది?"

అల్లుడు లేచి అలమరంతా వెతికాడు. మడతపెట్టిన గుడ్డలు చేత్తో తూచి తూచి, ఒక సూటు గుడ్డ మూట తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాడు. "ఇంతుంటుంది మామయ్యా. తల కింద చెయ్యి పెట్టాలి."

టైలరు ఆ తల కింద చెయ్యి పెట్టాడు. ఆయన కళ్లు నిండాయి. అంతలో సూటు తాలూకు హెడ్మాస్టరు గారు గుమ్మంలోకొచ్చి, కుట్టకపోతే కుట్టకపోయావు, నా గుడ్డ నాకిచ్చెయ్యమని కేకేశారు.

"నెమ్మదిగా మాట్లాడండి మాస్టారూ, ఇప్పుడే నిద్రపోయింది" అన్నాడు టైలరు.