గరాజ్‌లో ప్రవాస ప్రభుత్వం

ఆగస్టు రెండో ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి సన్నీబ్యాంక్ తెలుగు వెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక చారిత్రక ప్రకటన వెలువడింది.

"సంఘ సభ్యులకు, తెలుగు జాతికి, ప్రపంచ దేశాలకు తెలియజేయడమేమనగా, మొన్నటి ఎన్నికల ఫలితాన్ని మేము గుర్తించుట లేదు. సంఘపు చట్టబద్ధ ప్రభుత్వం నేటినుండి ప్రవాసంలో కొనసాగును. ఇట్లు, ద్వారకానాథ్, ప్రవాస అధ్యక్షుడు."

ప్రపంచ దేశాలనుంచి వెంటనే స్పందన రాలేదు. సభ్యుల్లో ఒకరు మాత్రం, ఎవరింట్లోనైనా కరివేపాకు ఉందా అని అడిగారు.

ద్వారకానాథ్ గారు సివిల్ ఇంజనీరుగా రిటైరయినవారు, పదకొండేళ్ళు సంఘాధ్యక్షుడిగా ఉన్నవారు. ఈసారి కిరణ్మయి అనే డెంటిస్టు చేతిలో నూటపన్నెండుకి తొమ్మిది ఓట్లతో ఓడిపోయారు. ఆ తొమ్మిదిలో తన ఓటు లేదని ఆయన భార్య శ్యామసుందరి గారే చెప్పారు. ఆవిడకి దాచే అలవాటు లేదు.

"పదవి పోతే మనిషి ఇంటిపట్టున ఉంటారనుకున్నాను," అన్నారావిడ. ఉన్నారు. అదే చిక్కయింది.

ప్రవాసం ఆలోచన కంచె అవతలినుంచి వచ్చింది. పక్కింటి వోయ్‌చెక్ గారు ఎనభై ఒక్కేళ్ళ పోలండ్ మనిషి, హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. నోరు తిరగక శ్యామసుందరి గారు ఆయన్ని "చెక్ గారూ" అని పిలుస్తారు. "అమ్మా, నేను చెక్ దేశంవాణ్ణి కాదు. వాళ్ళు మా పొరుగువాళ్ళు," అని ఆయన పదహారేళ్ళుగా ఓపికగా సరిదిద్దుతున్నారు.

ఓడిపోయిన మర్నాడు ద్వారకానాథ్ గారు నిమ్మచెట్టుకి నీళ్ళు పెడుతూ గట్టిగా నిట్టూర్చారు. వోయ్‌చెక్ గారు ఓదార్చడానికి కంచె దగ్గరికొచ్చారు. ఆయన భాషలో ఓదార్చడమంటే పోలండ్ చరిత్ర చెప్పడం.

"మీది ఒక్క ఎన్నికే కదా. మా దేశాన్ని పొరుగువాళ్ళు ముగ్గురు, రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా, మూడు విడతల్లో పంచేసుకున్నారు. నూట ఇరవై మూడేళ్ళు మ్యాప్‌లో పోలండే లేదు."

"మరి అధ్యక్షుడు?"

"అప్పుడు రాజు. సంతకం పెట్టించుకుని దింపేశారు."

ద్వారకానాథ్ గారికి ఆ శతాబ్దం నచ్చలేదు.

"తరవాత 1939లో పడమటినుంచి జర్మనీ, తూర్పునుంచి సోవియట్ యూనియన్ మీద పడ్డాయి. మా ప్రభుత్వం రుమేనియా, ఫ్రాన్సు దాటి లండన్ చేరింది. యుద్ధమయ్యాక స్నేహితులు కూడా గుర్తింపు తీసేశారు. అయినా అధ్యక్షుడు, మంత్రులు, రాజముద్ర, అన్నీ 1990 దాకా లండన్‌లోనే ఉన్నాయి."

ద్వారకానాథ్ గారి చేతిలో పైపు నిమ్మచెట్టుని వదిలి చెప్పుల్ని తడపసాగింది.

"దేశం లేకుండా?"

"దేశం లేకుండా."

"అధ్యక్షుడు మాత్రం ఉన్నాడు?"

"ఒకరి తరవాత ఒకరు, ఆరుగురు."

"సంఘసభ్యులతో పనిలేకుండా యాభై ఏళ్ళు!" అన్నారు ద్వారకానాథ్ గారు. ఇద్దరి కళ్ళూ చెమర్చాయి. కారణాలు వేరు.

వారం తిరగకుండా శ్యామసుందరి గారి కారు ఎండలోకి, ప్రభుత్వం గరాజ్‌లోకి చేరాయి.

"ముప్పై ఏళ్ళుగా మనం ప్రవాసంలోనే ఉన్నాం కదండీ. మళ్ళీ గరాజ్‌లోకి ప్రవాసమేంటి?" అని ఆవిడ అడిగారు. ఇంత లోతైన రాజ్యాంగ ప్రశ్నని ఆయన పై సమావేశానికి వాయిదా వేశారు.

మంత్రివర్గంలో ఒక్కరే చేరారు. కేటరింగ్ చేసే కనకరాజు. కొత్త కమిటీ పులిహోర ఆర్డరు వేరేవాళ్ళకి ఇచ్చిందన్న సైద్ధాంతిక విభేదంతో వచ్చి, రక్షణ, హోం, ఆహార శాఖలు తీసుకున్నారు. రాజచిహ్నాలుగా సంఘం రబ్బరు ముద్ర, బ్యానరు, జ్యోతి ప్రజ్వలన చేసే ఇత్తడి దీపం వాషింగ్ మెషీన్ మీద కొలువుదీరాయి.

దీపావళి ముందు కిరణ్మయి వచ్చింది. "అంకుల్, ప్రోగ్రామ్ ఉంది. ల్యాంప్ ఇస్తారా?"

"దీపం ప్రవాసంలో ఉందమ్మా."

"ఓకే అంకుల్, ఉంచుకోండి. నిజం దీపమైతే హాల్లో ఫైర్ అలారం మోగుతుంది. బ్యాటరీది కొనేస్తాం."

పోలండ్‌కి కూడా ఇంత అవమానం జరగలేదని ఆయన మినిట్స్‌లో రాయించారు. వోయ్‌చెక్ గారు దానికి అర్థం చెప్పించుకుని, మూడు విడతల పంపకం గురించి మళ్ళీ మొదటినుంచి చెప్పారు.

ఇక విదేశాంగ విధానం. మనకి జర్మనీ ఎవరు, రష్యా ఎవరు అని గోడమీద మ్యాప్ గీశారు. తమిళ సంఘానికీ, కన్నడ సంఘానికీ పరస్పరం దాడి చేసుకోరాదంటూ ఒప్పంద పత్రాలు పంపారు. తమిళ సంఘం తమ పండగకి రమ్మని, పార్కింగ్ వెనకవైపు ఉందని రాసింది.

"వెనకవైపు అంటున్నారు. చూశారా?" అన్నారు కనకరాజు.

"ముందు మనకొక హంగేరీ కావాలి," అన్నారు ద్వారకానాథ్ గారు. పోలండ్ కష్టంలో ఉన్నప్పుడు హంగేరీ వేలమందికి దారిచ్చిందని వోయ్‌చెక్ గారు చెప్పి ఉన్నారు. ఆ హంగేరీ ఒడియా సంఘం రూపంలో దొరికింది. పదకొండు కుటుంబాలు. వాళ్ళకి శనివారాలు కలుసుకోవడానికి చోటు లేదు. గరాజ్ పెద్దదని తెలియగానే ప్రవాస ప్రభుత్వాన్ని సంపూర్ణంగా గుర్తించారు, వంటలతో సహా. ఆ వంటల వాసనకి తెలుగువాళ్ళు కూడా ఒక్కొక్కరే రాసాగారు.

డిసెంబరులో కిరణ్మయికి ఎక్కడో దూరాన పెర్త్‌లో ఉద్యోగం వచ్చింది. అధ్యక్ష పదవికి ఎవరూ నామినేషన్ వెయ్యలేదు.

"ప్లీజ్ అంకుల్, మీరే తీసుకోండి. యునానిమస్," అంది ఫోన్‌లో.

ద్వారకానాథ్ గారు కంచె దగ్గరికి పరిగెత్తారు. "గెలిచాం! ఇప్పుడేం చెయ్యాలి?"

వోయ్‌చెక్ గారు నిటారుగా నిలబడ్డారు. "1990లో మా చివరి ప్రవాస అధ్యక్షుడు స్వయంగా వార్సా వెళ్ళి, ఎన్నికైన అధ్యక్షుడికి రాజచిహ్నాలు అప్పగించాడు."

చిక్కేమిటంటే ఇక్కడ అప్పగించేవారూ, పుచ్చుకునేవారూ ఒక్కరే. కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో పుచ్చుకోవడం అశుభమని, కనకరాజుని ఒక్క పూటకి ప్రవాస అధ్యక్షుడిగా నియమించారు. శనివారం పదిగంటలకి ప్రమాణస్వీకారం అయింది. పదీ ఐదుకి ద్వారకానాథ్ గారు చేతులు చాపారు.

కనకరాజు దీపాన్ని గుండెలకి హత్తుకుని గొంతు సవరించుకున్నారు.

"సారీ అండీ. మీరు ఎన్నిక లేకుండా వచ్చారు. మా ప్రభుత్వం మిమ్మల్ని గుర్తించదు."

"ఒరేయ్ కనకరాజూ!"

"ప్రెసిడెంట్ గారూ అనండి."

గరాజ్ నిండా చప్పట్లు మోగాయి. ఒడియా వాళ్ళయితే లేచి నిలబడ్డారు. ద్వారకానాథ్ గారు న్యాయం కోసం వోయ్‌చెక్ గారివైపు చూశారు.

"లండన్‌లో కూడా 1954లో ఒకాయన గడువైనా దిగనన్నాడు," అన్నారాయన విచారంగా. "రెండు వర్గాలయ్యాయి. కలవడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది."

ద్వారకానాథ్ గారు మనసులో తన వయసుకి పద్దెనిమిది కలుపుకుని కూర్చుండిపోయారు.

పై శనివారం ఆయన కమ్యూనిటీ హాల్లో తొలి కమిటీ సమావేశం పిలిచారు. పన్నెండుమంది సభ్యులకీ కుర్చీలు ఆయనే వేశారు. నాలుగింటికి పన్నెండు మెసేజ్‌లు వచ్చాయి, అన్నిటిలోనూ ఒకటే మాట. "సారీ సార్, గరాజ్‌లో ఉన్నాం." ఒకటి శ్యామసుందరి గారి దగ్గర్నించి విడిగా వచ్చింది. ఆవిడకి ఆర్థిక శాఖ ఇచ్చారట.

అధ్యక్షులవారు పావుగంట వేచి చూశారు. తరవాత ఎజెండా చదివి, దాన్ని తామే బలపరిచి, కుర్చీలన్నీ మడిచిపెట్టి ఇంటికొచ్చారు. గరాజ్ తలుపు మూసి ఉంది. లోపల్నుంచి నవ్వులు, పోపు వాసన వస్తున్నాయి.

తలుపు తట్టారు.

"ఎవరదీ?" అన్నారు లోపల్నుంచి కనకరాజు.

"అధ్యక్షుణ్ణి."

నవ్వులు ఆగాయి. "ఏ అధ్యక్షుడు?"

ద్వారకానాథ్ గారు ఒక్క క్షణం ఆలోచించారు. ఫోన్ తీసి గ్రూపులో రెండు లైన్లు టైపుచేసి పంపారు.

"మాజీ," అన్నారు.

తలుపు వెంటనే పైకి లేచింది.