గేటు లోపలి వాన

ఆ ఊళ్ళో ఆకాశాన్ని నమ్మి ఎవరూ పని పెట్టుకోరు. పొద్దున ఎండకి గొడుగు తీయడం, మధ్యాహ్నం వానకి అదే గొడుగు పట్టుకోవడం, సాయంత్రం గాలికి అది ఎటు పోయిందో వెతుక్కోవడం అక్కడి దినచర్య. అలాంటి ఊళ్ళో ఒక గుమాస్తా, ఇన్నేళ్ళూ కూడబెట్టి, మేడ మీద గదికి ఆ ఆదివారం స్లాబు వేయిస్తున్నాడు. వానొస్తే కప్పడానికి పెద్ద టార్పాలిన్ పట్టా తెచ్చి పెట్టుకున్నాడు. పెరటి తొట్టిలో నీళ్ళు సగం పనికి చాలు, మిగతా సగానికి ట్యాంకరు వస్తుంది. అన్నీ ఆలోచించాడు. చెప్పాపెట్టకుండా బావగారు దిగుతారని మాత్రం ఆలోచించలేదు.

"ఏమోయ్ బావమరిదీ, ఆ పట్టా ఊరికే పడుందిగా! నా కారు మీద కప్పించు," అన్నారు బావగారు, కొత్త కారుని జేబురుమాలుతో తుడుచుకుంటూ.

"అది వానకని తెచ్చింది బావగారూ."

"వానా? ఆకాశం అద్దంలా ఉంటేనూ! మా ఊళ్ళో వానకో పద్ధతుంది. ముందు గాలి మారుతుంది, తర్వాత మబ్బు కడుతుంది, ఆ తర్వాతే చినుకు. ఇవాళ ఈ ఇంటి మీద చుక్క పడదు. నాదీ పూచీ!"

"వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు సార్," అని మేస్త్రీ గొణిగాడు. గుమాస్తా పట్టా మడత విప్పాడు. పోయినసారి కాఫీలో చక్కెర తక్కువైందని అలిగి, అక్కని ఏడాదిపాటు పుట్టింటి గడప తొక్కనివ్వని మనిషి ఆయన. పట్టా కారు మీదికెక్కింది.

మిల్లరు గరగరమంటూ కాంక్రీటు కలపసాగింది. బావగారు లోపల కునుకు తీశారు. స్లాబు సగానికి దగ్గరపడేసరికి, పిలిచినట్టు నల్లటి మబ్బొకటి నెత్తి మీదికొచ్చి నిలబడింది.

"పట్టా! పట్టా తెండి!" అని మేస్త్రీ పైనుంచి కేక పెట్టాడు.

చప్పుడు కాకుండా కారు మీంచి పట్టా లాగి పైకి చేర్చారు. కప్పీ కప్పగానే మబ్బు తన దారిన తాను పోయింది. ఆ హడావిడిలో ఎవరి కాలో తగిలి ఒక తట్ట ఒరిగింది. కాంక్రీటు జారి నేరుగా కొత్త కారు మీద పడింది.

గుమాస్తా మెట్లన్నీ దూకుతూ కిందికొచ్చాడు. గొట్టం పెట్టి, గట్టిపడేలోగా గబగబా కడిగేశాడు. అదృష్టం, గీత పడలేదు. కానీ తడి ఆరకముందే బావగారు ఆవలిస్తూ గుమ్మంలోకొచ్చారు.

"కారు తడిసిందేం? పట్టా ఏది?"

"వాన పడింది బావగారూ. పట్టా స్లాబు మీద కప్పాం."

"వీధంతా పొడిగా ఉందే!"

గుమాస్తా గొట్టం వీపు వెనక దాచుకున్నాడు. "మా ఊరి వానంతే బావగారూ. ఒక్కోసారి గేటు లోపలే పడుతుంది."

ఈ మాట విన్న అతని భార్య మహా ఇల్లాలు. బావగారు మొహం కడుక్కొచ్చేలోగా, మొగుడి మాట నిలబెట్టాలని ఆ గొట్టమే తీసుకుని మెట్లు తడిపింది, గోడ తడిపింది, ఆరిన బట్టలు కూడా తడిపింది. తొట్టి అడుగంటింది. ట్యాంకరు వస్తుంది కదా అనుకుంది పాపం.

గుమాస్తా మళ్ళీ పైకెక్కి దిగేసరికి అతను కింద వదిలేసిన ఫోను బావగారు చేతికిచ్చారు.

"ట్యాంకరువాడు చేశాడు. ఇక్కడ కుంభవృష్టి, నీ నీళ్ళెవడిక్కావాలి, వెనక్కి పొమ్మన్నా. నీకు బోలెడు ఖర్చు తప్పించా!"

గుమాస్తా వెంటనే తిరిగి ఫోను చేశాడు. ట్యాంకరు ఇంకెవరింటికో పోయింది, సాయంత్రం దాకా రాదట. నీళ్ళు లేక మిల్లరు ఆగిపోయింది.

"సగంలో ఆగితే అతుకు పడుతుంది సార్," అన్నాడు మేస్త్రీ. "అతుకు పడితే బతికున్నన్నాళ్ళూ వాన గదిలోనే. అరగంటలో నీళ్ళు కావాలి."

గుమాస్తా ఎదురింటికి పరిగెత్తాడు. ఎదురింటాయన నవ్వాడు. "మీకు కుంభవృష్టిటగా! మీ బావగారు వీధంతా చెప్పారు. మా ఇంటి మీద చుక్క పడలేదు, మేమే మిమ్మల్ని అడుగుదామనుకుంటున్నాం."

ఇక దాచి లాభం లేదు. ఎదురింటాయన దగ్గర నీళ్ళు రావాలంటే వాన అబద్ధమని బావగారే చెప్పాలి. గుమాస్తా వచ్చి బావగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అక్కని ఇక చూడలేనేమోనని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా మబ్బు, తట్ట, గొట్టం అన్నీ చెప్పేశాడు.

బావగారు కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చారు.

"అంటే... వాన పడలేదా?"

"లేదు బావగారూ."

"నేను చెప్పలా!" అని ఆయన తొడ చరిచారు. "నా పూచీ అంటే మాటలా! కారుదేముందోయ్, కడిగావుగా! పద, ఆయనతో నేను మాట్లాడతా."

ఇద్దరూ గేటు తీశారు. ఫెళ్ళున ఉరిమింది. వీధికి అటుపక్క, సరిగ్గా ఎదురింటి వరస మీద, వాన విరుచుకుపడింది. ఇటుపక్క ఎండ చెక్కుచెదరలేదు. ఎదురింటి మేడ గొట్టంలోంచి నీళ్ళు వీధిలోకి ధారగా దూకాయి.

బావగారి మొహం మాడిపోయింది. గుమాస్తా ఓ అడుగు వెనక్కి వేశాడు. ఇప్పుడలుగుతాడు!

"నేను పూచీపడింది ఈ ఇంటికి," అన్నారు బావగారు పళ్ళు బిగించి. "అది వాళ్ళ వాన. చూస్తావేం, బిందె తే!"

బిందెలు, బకెట్లు, తట్టలు వీధి దాటాయి. బావగారు కొత్త చొక్కా తడుపుకుంటూ మోశారు. నీళ్ళిమ్మంటే నవ్విన ఎదురింటాయన సిగ్గుపడి తన బకెట్టూ ఇచ్చాడు. మిల్లరు మళ్ళీ తిరిగింది. చీకటి పడేలోగా స్లాబు అతుకు లేకుండా పూర్తయింది. గుమాస్తా మెట్ల మీదే కూలబడి, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తనకే తెలియనట్టు కళ్ళు తుడుచుకున్నాడు.

మర్నాడు బావగారు కారెక్కుతుంటే గుమాస్తా భార్య అడిగింది. "ఈసారి వదినగారిని కూడా తీసుకురండి అన్నయ్యగారూ. ముందుగా ఓ మాట చెప్పండి."

"చెప్పకుండా ఊడిపడ్డానికి నేనేమైనా మీ ఊరి వాననా చెల్లెమ్మా!"

ఆమె నవ్వి, కారు మలుపు తిరిగాక, పట్టా మడతపెట్టి గుమ్మం పక్కనే పెట్టుకుంది.