విరిగిందని ఎవరికీ చెప్పకండి!

ప్రయోగం ఫెయిలైతే ఆ సంగతి ఎక్కడా అచ్చు కాదు చూశారూ, పరిశోధన చేసేవాళ్లకు అంతకు మించిన వరం లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను. నవ్వకండి. నేను పీహెచ్‌డీ చేస్తున్న మనిషికి భర్తని. ఈ విషయం మీద మాట్లాడే అర్హత నాకు కాక ఇంకెవరికుంది?

మా ఆవిడ చదువుకి చాలా పెద్ద పేరుంది. అందులో మాలిక్యులర్ ఉంది, న్యూరో ఉంది, చివర్లో బయోఫిజిక్స్ కూడా ఉంది. ఆ పేరు తడబడకుండా చెప్పడం నేర్చుకునేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. పని మాత్రం తేలిగ్గా చెప్పొచ్చు. మెదడు కణం గోడలో తలుపులాంటి ప్రోటీన్ ఒకటుంటుంది. ఆ తలుపు ఆకారం ఎలా ఉందో కనుక్కుంటే మా ఆవిడ డాక్టరైపోతుంది. అంతే!

కనుక్కోవాలంటే ముందు బ్యాక్టీరియాని పెంచి, దాని చేత ఆ ప్రోటీన్‌ని తయారు చేయించాలి. తర్వాత ఆ బ్యాక్టీరియాని పగలగొట్టి, లోపలున్న సవాలక్ష సరుకుల్లోంచి మన ప్రోటీన్‌ని ఏరి, ట్యూబులో తేటగా నిలబెట్టాలి. నిలబడదు! పాలు విరిగినట్టు విరిగిపోయి అడుగున తెల్లగా ముద్ద కడుతుంది. ఉప్పు పెంచితే విరుగుతుంది. తగ్గిస్తే విరుగుతుంది. కోల్డ్ రూములో పెట్టి, తనూ స్వెటర్ తొడుక్కుని పక్కనే కాపలా కాసినా విరుగుతుంది.

ఇలాంటి సంగతి ముందే ఎవరో అచ్చు వేసేసి ఉంటే ఏమయ్యేది? మా ఆవిడ ఓ పూట కూర్చుని చదివి, "ఓహో, ఇది రాదన్నమాట" అనుకుని వేరే పని చూసుకునేది. మా సంసారానికి ఇన్ని లాభాలు ఒరిగేవా?

బ్యాక్టీరియాకి ఆదివారం లేదు. కాబట్టి మాకూ లేదు. సినిమాకి వెళ్తే ఇంటర్వెల్‌లో మా ఆవిడ వాచీ చూసుకుంటుంది. ఆ టైముకి ల్యాబులో ఏదో ఒకటి బయటికి తియ్యాలి. ఈ మధ్య నేను ఏ సినిమా రెండో సగమూ చూడలేదు. సగంలో లేచొచ్చిన సినిమా ఎంత బాగుంటుందో మీలో ఎవరికైనా తెలుసా? నాకు తెలుసు!

ఇంట్లో పాలు విరిగితే మీ ఇళ్లల్లో విసుక్కుంటారు. మా ఆవిడ టార్చి తెచ్చి గిన్నెలోకి చూస్తుంది. "ఎంత నీట్‌గా విరిగాయో!" అని మెచ్చుకుంటుంది కూడా. ఇక పైపెట్ల సంగతి, అదే, చుక్కలు కొలిచి పోసే గొట్టాల సంగతి. ల్యాబులో ఎన్నున్నా నీలం పిడి ఉన్నదే వాడుతుంది. ఒకసారి దాంతో పని చేస్తే ప్రోటీన్ కాస్త ఆలస్యంగా విరిగిందట. సైన్సు చదివిన మనిషి కదా, ఆధారం లేకుండా ఏదీ నమ్మదు.

మా అత్తగారికి కూడా ఈ పరిశోధనలో వాటా ఉంది. ఫోన్ చేసినప్పుడల్లా మొదటి మాట, "అల్లుడుగారూ, అయిందా?"

"ఇంకా విరుగుతోందండీ."

"గిన్నె సరిగ్గా కడిగిందో లేదో అడగండి బాబూ. చిన్నప్పట్నుంచీ దానికి కడగడం బద్ధకం."

ఈ మాట చెప్తే మా ఆవిడ ఇంతెత్తున లేచింది. మర్నాడు వెళ్లి ల్యాబులో గాజు సామానంతా మళ్లీ కడిగింది. తళతళలాడే గాజులో ప్రోటీన్ మరింత తెల్లగా విరిగింది.

అన్నీ ఇలా హాయిగా సాగిపోతుండగా ఓ చిన్న చిక్కొచ్చింది. ఫెలోషిప్ ఈ ఏడాదితో ఆఖరు. ఆలోగా థీసిస్ ఇవ్వకపోతే ఇన్నేళ్ల చదువూ గాలికి పోయినట్టే. ఓ సాయంత్రం మా ఆవిడ ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది. తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది.

"అందరికీ వస్తోంది. నా చేతుల్లోనే ఏదో లోపం ఉంది," అంది.

నేను టీ పెడతానని వంటింట్లోకి వెళ్లి చాలాసేపు ఊరికే నిలబడ్డాను. తర్వాత నన్ను నేను మందలించుకున్నాననుకోండి. వరం అన్నాక ఆమాత్రం బరువుండదా?

అసలు రుచి ఇంకోటుంది. రహస్యం! మా ఆవిడ ట్యూబు మీద ప్రోటీన్ పేరు రాయదు. పువ్వు బొమ్మ వేస్తుంది. ఎవరైనా పసిగట్టి తనకన్నా ముందే చేసేస్తే? ముఖ్యంగా ఎదురు ల్యాబు టోపీ. కోల్డ్ రూము చలికి ఉన్ని టోపీ పెట్టుకుని తిరుగుతాడని అతనికా పేరు. ఆ టోపీ తన ట్యూబుల మీద చుక్క గుర్తు వేస్తాడు. మా ఆవిడ కనబడగానే వాటిని జేబులో దాచేస్తాడు. కాఫీ మెషీన్ దగ్గర ఎదురుపడితే ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకుంటారు. మేధావులంటే అలా ఉండాలి!

ఆ అంతస్తుకంతటికీ సెంట్రిఫ్యూజ్ ఒక్కటే. ట్యూబుల్ని గిర్రున తిప్పే మెషీన్ అది. ఒక ట్యూబు పెడితే దానికి ఎదురుగా సరిగ్గా అంతే బరువున్న ట్యూబు ఇంకోటి పెట్టాలి, లేకపోతే రంకెలేస్తుంది. ఓ రోజు ఇద్దరూ ఒకేసారి పరిగెత్తుకొచ్చారు. చెరో ట్యూబూ ఉంది, ఇద్దరికీ తొందరే. తూచి చూస్తే బరువు సమానం. సరే, ఎదురెదురుగా పెట్టేద్దామనుకున్నారు. ఇద్దరూ శుభ్రత గల మనుషులు కాబట్టి పెట్టేముందు ట్యూబుల్ని స్పిరిట్‌తో తుడిచారు. పువ్వూ పోయింది, చుక్కా పోయింది.

మెషీన్ ఆగింది. మూత తీశారు. తిరిగి తిరిగి ఆగాక ఏది ఎవరిదో తెలియలేదు.

"అడుగున తెల్లముద్ద ఉన్నది నాది," అంది మా ఆవిడ, పోతే పోయింది పరువని.

టోపీ రెండు ట్యూబులూ దీపానికి ఎత్తి చూశాడు. "రెండిట్లోనూ ఉందండీ."

"మీదేం ప్రోటీన్?"

"ముందు మీరు చెప్పండి."

"ఏం, మీరు చెప్తే?"

చివరికి ఇద్దరూ ఒక్కసారే చెప్పారు. ఒకటే పేరు!

ఇన్నేళ్లుగా ఎదురెదురు గదుల్లో, ఒకే ప్రోటీన్‌ని, ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకేలా విరగ్గొట్టుకున్నారు. మా ఆవిడ మార్చిన ఉప్పులన్నీ అతనూ మార్చాడు. అతనికీ ఒక లక్కీ పైపెట్ ఉంది, దానిది ఎర్ర పిడి. ఇద్దరూ వరండాలో నేల మీద చతికిలబడి పొట్ట చెక్కలయ్యేలా నవ్వారట. నవ్వీ నవ్వీ టోపీ కళ్లు తుడుచుకుని, "నా చేతులకే ఏదో అయిందనుకున్నానండీ," అన్నాడట. దాంతో మా ఆవిడ నవ్వు ఆగిపోయింది.

ఆ ఊపులోనే ఇద్దరూ మా ఆవిడ గైడ్ దగ్గరికి వెళ్లారు. ఆయన బంగారంలాంటి మనిషి. అంతా ఓపిగ్గా విని తలూపారు.

"ఆఁ, విరుగుతుందమ్మా. నా పీహెచ్‌డీ రోజుల్లో నాకూ అలాగే విరిగేది."

మా ఆవిడ అడిగేసింది. "మరి చెప్పలేదేం సర్?"

"రానిదాన్ని ఏమని చెప్పుకుంటాం? నీ చెయ్యి మంచిది, నీకొస్తుందేమో అనుకున్నాను."

అదీ గురుశిష్య పరంపర అంటే! ఒక తరం చేతిలోంచి ఇంకో తరం చేతిలోకి, ఎక్కడా చెక్కుచెదరకుండా, అదే తెల్లముద్ద. ఎవరైనా మధ్యలో నోరు జారి ఉంటే ఈ వారసత్వం ఏమైపోయేది? రాస్తూ ఉంటే నాకు ఒళ్లు పులకరించినట్టే, చదువుతుంటే మీకూ పులకరిస్తోందనుకుంటాను.

కానీ మా ఆవిడకి ఇవేమీ పట్టలేదు. ఆ వారంలోనే ల్యాబులో కొత్తమ్మాయి చేరింది. తలుపు తెరిచే ఉండటంతో గైడ్ గారి మాట మా ఆవిడ చెవిన పడింది. "నీ చెయ్యి మంచిదిలా ఉందమ్మా," అంటూ అదే ప్రోటీన్ ఆ పిల్లకీ అప్పగిస్తున్నారాయన.

మా ఆవిడ ఆ పిల్లని వరండాలోకి పిలిచింది.

"అది రాదమ్మా. నేను చూశాను, ఎదురు గదిలో చూశారు, సర్ కూడా చూశారు. రేపు విరిగినప్పుడు నీ చేతుల్ని అనుమానించకు. నీ చేతులు బాగానే ఉన్నాయి."

చూశారా దారుణం! ఏళ్ల తరబడి ఆ పిల్ల అనుభవించాల్సిన వైభవాన్ని నిలబెట్టి అర నిమిషంలో లాగేసుకుంది. అక్కడితో ఆగిందా? నేరుగా గైడ్ గారి గదిలోకి వెళ్లి, ఏమేం చేస్తే ప్రోటీన్ విరిగిందో అంతా థీసిస్‌లో పెడతానంది. టోపీ చేసినవి అతని పేరుతోనే పెడతానంది.

"వద్దమ్మా, చదివినవాళ్లు ఏమనుకుంటారు?" అన్నారాయన కంగారుగా.

"మళ్లీ ఇది చెయ్యక్కర్లేదనుకుంటారు సర్."

ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచారట. "దీనికి డిగ్రీ ఇస్తారో లేదో నేను చెప్పలేను," అన్నారు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, "సరే, కూర్చో. నేను విరగ్గొట్టినవి కూడా చెప్తాను," అన్నారు.

థీసిస్ నిన్ననే ఇచ్చేసింది. డిగ్రీ సంగతి పెద్దలు ఇంకా తేల్చలేదు. మా ఆవిడ మాత్రం చేతుల్ని చూసుకోవడం మానేసింది. రాత్రి సినిమాకెళ్లి చివరిదాకా కూర్చున్నాం. ఏమీ బాగాలేదు. మా ఆవిడ నా పక్కన హాయిగా నిద్రపోయింది.

పొద్దున్నే మా అత్తగారి ఫోన్. "అయిందా బాబూ?" "విరగడం అయిపోయిందండీ," అన్నాను.

పాఠకులారా, మీరే ఆలోచించండి. గైడ్ శిష్యుడికి, ఈ గది ఆ గదికి, ముందు విరగ్గొట్టినవాళ్లు వెనక వచ్చేవాళ్లకి ఇలా రానిదాన్ని రాదని చెప్పేసుకుంటూ పోతే ఈ దేశంలో పీహెచ్‌డీలు ఏమైపోతాయి? టైముకి అయిపోవూ!