సంతకం వరకే

తిరువూరులో నిరక్షరాస్యతకు రోజులు దగ్గరపడ్డాయని 1978 దసరా మర్నాడు అధికారికంగా ప్రకటించడమైనది. ప్రకటించినవారు ఏడుగురు. నలభై ఏళ్ల కిందట బందరులో ఒకే కాలేజీలో ఇంటర్మీడియెట్ చదివి, ఉద్యోగాలు చేసి, రిటైరై, మధ్యాహ్నం నిద్రతో పొద్దు గడవక పూర్వ సహాధ్యాయుల సేవా సంఘంగా ఏర్పడినవారు.

వారి చురుకుదనాన్ని ఎవరూ శంకించనవసరం లేదు. రోజూ ఉదయం ఆరింటికి బస్టాండు నుంచి తాలూకా ఆఫీసు దాకా నడుస్తారు. దారిలో రెండుసార్లు కాఫీ తాగి, దేశం ఏమైపోతోందని విచారించి, రిక్షాల్లో ఇళ్లకు వస్తారు.

అధ్యక్షులు శంకరనారాయణగారు తహశీల్దారుగా చేసి దిగినవారు. "మేమంతా ఒకే బెంచీ మీద చదువుకున్నాం. సమాజం రుణం ఇప్పుడు తీర్చుకుంటున్నాం" అని ప్రతి సభలోనూ సెలవిస్తారు. మిషన్ బడి టీచరుగా రిటైరైన బాలశౌరి నిజానికి ఆ రోజుల్లో కూర్చున్నది గోడవారగా విడిగా వేసిన బెంచీ మీద. అయినా అందరికంటే ముందు చప్పట్లు కొట్టేది అతనే. పెద్దవాళ్లు ఇన్నాళ్లకు తనను తమలో కలుపుకున్నారన్న సంబరం అతనికింకా తీరలేదు.

చదువు చెప్పే పని బాలశౌరికి, పర్యవేక్షించే పని మిగతా ఆరుగురికి అప్పగిస్తూ తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

"సంతకం వరకు చాలయ్యా. మరీ లోతుకు పోకు. వాళ్లకి పొలం పనులుంటాయి," అని అధ్యక్షులవారు దయతో హెచ్చరించారు.

చర్చి వరండాలో సాయంత్రాలు పద్నాలుగు మంది కూలీలు చేరారు. కోతలు మొదలవగానే పదముగ్గురు మానేశారు. మిగిలింది హన్నమ్మ. ఆమె మొగుడు శౌరయ్య బతికుండగా ఏదో కాగితం మీద వేలుముద్ర వేసి అర ఎకరం పోగొట్టాడు. అది ఏం కాగితమో ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

నెల్లాళ్లలో ఆమెకు పేరు రాయడం వచ్చింది. బాలశౌరి ఇక చాలన్నాడు.

"చాలడమేంటి మేష్టారూ! నా పేరు నాకు ముందే తెలుసుగా. పైన రాసిందేంటో తెలియొద్దా?" అంది హన్నమ్మ.

దీనికి ఏ తీర్మానంలోనూ జవాబు లేకపోవడంతో పాఠం సాగింది.

వేసవి వచ్చేసరికి సంఘానికి ఒక భవనం కావలసి వచ్చింది. చదువు వరండాలో ఉండటం చదువుకే అవమానమని ఉపాధ్యక్షులు, రిటైరైన హెడ్మాస్టరు దత్తాత్రేయులుగారు కనుక్కున్నారు. స్థలం చూసి, కాగితాలు తయారుచేసే భారం అధ్యక్షులు తామే మోశారు. ఆ విద్యలో వారికి ముప్పై ఏళ్ల అనుభవం ఉంది.

అక్షర భవన శంకుస్థాపన సభలో దత్తాత్రేయులుగారు ముప్పావుగంట మాట్లాడారు. "నిన్నటిదాకా వేలు చాపిన చెయ్యి నేడు కలం పట్టింది! ఇది హన్నమ్మ విజయం కాదు, మా బ్యాచి విజయం!" అన్నారు. బాలశౌరి చప్పట్లు కొట్టాడు.

శంకరనారాయణగారు హన్నమ్మను మైకు దగ్గరికి పిలిచి, ఒక కాగితమూ పెన్నూ అందించారు. "ఇక్కడ సంతకం పెట్టమ్మా. ఫొటో తీస్తారు."

హన్నమ్మ పెన్ను బల్లమీద పెట్టింది. మొదటి వరుస కింద వేలు ఆనించి, కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టింది.

"నా... స్వాధీనంలోని... మూడు సెంట్ల స్థలమును... పాకతో సహా... అక్షర భవనము నిమిత్తం... ఇష్టపూర్వకంగా... వదులుకొనుచున్నాను..."

మైకు ఆ రోజు దురదృష్టవశాత్తూ బాగా పనిచేస్తోంది.

"సంతకం వరకే కదయ్యా చెప్పమన్నాను," అని శంకరనారాయణగారు బాలశౌరి చెవిలో నొచ్చుకున్నారు.

"నేను పెట్టనండి. ఆ పాక తప్ప నాకేం లేదు," అంది హన్నమ్మ. భవనం గోడకు ఆమె పేరుతో రాతిపలక వేయిస్తామని, వచ్చినప్పుడల్లా తనే చదువుకోవచ్చునని దత్తాత్రేయులుగారు నచ్చజెప్పబోయారు. ఆమె వినడం లేదు. ఇంకా చదువుతోంది. కాగితం అడుగున సాక్షుల సంతకాలు ఆరున్నాయి. మొదటిది చదివి తలెత్తింది.

"మేష్టారూ, ఇది మీదేనా? దీంట్లో ఏముందో చూసే పెట్టారా?"

బాలశౌరి ఆ కాగితాన్ని పోల్చుకున్నాడు. పొద్దున కాఫీ కప్పుతోపాటు చేతికొచ్చిన కాగితం. పెద్దవాళ్లు పెట్టమన్నాక చదివితే అనుమానించినట్టు ఉంటుందని, బెంచీ మళ్లీ గోడవారకు జరుపుతారేమోనని, గబగబా పెట్టేశాడు. తన చెయ్యి మీద తనకే అసహ్యం వేసింది.

"లేదమ్మా. చదవలేదు," అన్నాడు.

"చదువొచ్చి కూడానా?"

ఆమె వెటకారంగా అడగలేదు. నిజంగా తెలియకే అడిగింది. చదవకుండా సంతకాలు పెట్టే అలవాటున్న విద్యావంతులైన పాఠకులకు దీనికి జవాబేమైనా తోస్తే, సంఘం చిరునామాకు ఒక కార్డు రాయవలసిందిగా మనవి.