ప్లాను ధనంజయ, పాప సీటు

చిత్తూరులో ధనంజయ అంటే ఎవరికీ తెలియదు. ప్లాను ధనంజయ అంటే మాత్రం రిక్షావాళ్లు నేరుగా ఇంటిముందే దించుతారు. కొళాయి కారుతోందని ఆయన ప్లాను వేస్తే, మర్నాటికి వీధంతా కారుతుంది.

ఆ ఎండాకాలం ఆయన పాత ఫియట్ కారొకటి కొన్నాడు. ఆ సంగతి తెలిసి కువైట్‌లో ఉన్న బావమరిది ప్రేమానందం, ఏడాదిన్నర మేనకోడలి కోసం కార్లో బిగించే పసిపిల్లల సీటు పంపించాడు. అలాంటిది ఊళ్లో ఎవరూ చూడలేదు. అందరూ చూడాల్సిందేనని ధనంజయ పట్టుదల.

ఫియట్‌కు బెల్టులు లేవు. అయితేనేం, మంచం నవారు విప్పి సీటును డ్రైవరు పక్కన కట్టేశాడు.

"సూడే శకుంతలా! ఏనుగు లాగినా కదల్దు" అన్నాడు భార్యతో.

"కూసునేది ఏనుగు గాదు, పాప. సీటుతో వచ్చిన కాయితంలో బొమ్మ సూసినారా? సీటు వెనకాల ఉండాది."

"వెనక పెడితే జనానికి యాడ కనబడతాది?"

"జనం సూసేదానికా, పాప బతికేదానికా?"

"నా కట్టు మీద నమ్మకం లేదా?"

"ఉండాది. అందుకే ముందు దీన్ని తిప్పుకరాండి" అంటూ శకుంతల పాపంత బరువున్న గుమ్మడికాయను తెచ్చి సీట్లో కూర్చోబెట్టింది.

ధనంజయ పౌరుషంగా బయల్దేరాడు. బజారులో ఇమాంసాహెబ్ ఎదురై, "దిష్టికాయకు గూడా కుర్చీ ఏసినావా అప్పా?" అన్నాడు. జవాబు చెప్పేలోపు ఒక గేదె అడ్డమొచ్చింది. ధనంజయ బ్రేకు తొక్కాడు. నవారు జారింది. సీటు బోర్లా పడింది. గుమ్మడికాయ డాష్‌బోర్డుకు తగిలి పగిలిపోయింది.

చొక్కా నిండా గింజలతో ఆయన కారు దిగలేదు. పాప తల తగిలి ఉండే చోటునే చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాడు.

ఇంటికొచ్చాక శకుంతల ఆయన జుట్టులోని గింజ తీస్తూ, "బ్రేకులు బాగా పడతాండాయే" అంది.

మర్నాడు మెకానిక్ షెడ్డులో కారు చట్రానికి బోల్టులు వేయించి బెల్టులు పెట్టించింది. పాప సీటును వెనక పెట్టి, మోకాలితో అదిమి, కదలకుండా బెల్టు బిగించింది. డ్రైవరు సీటుకు కూడా ఒకటి వేయించింది.

"నాకెందుకే? నేనేమన్నా పాలు తాగే బిడ్డనా?"

"మీ ఇష్టం" అంది శకుంతల. ఆమె ఆ మాట అన్నదంటే భయపడాలని ఆయనకింకా తెలియదు.

ఆదివారం పలమనేరులో అత్తగారింటికి ప్రయాణమయ్యారు. మొగిలి కనుమలో మేకల మంద అడ్డమొచ్చింది. మళ్లీ బ్రేకు. వెనక సీట్లో పాప కట్టినచోటే ఉండి కిలకిలా నవ్వింది. పక్కన శకుంతల కూడా బెల్టుతో నిశ్చింతగా ఉంది. ధనంజయ నుదురు మాత్రం అద్దానికి తగిలి నిమ్మకాయంత బొప్పి కట్టింది.

అత్తగారు కుప్పమ్మ ఆ బొప్పి చూసి గుమ్మంలోనే హడలిపోయింది. "అయ్యో, పాపకేమన్నా అయిందా?"

"పాప బాగుండాదమ్మా. కట్టుకోనిది మీ అల్లుడొక్కడే."

భోజనాలయ్యాక అల్లుడు కనబడలేదు. వెతికితే కార్లో ఉన్నాడు. ఎవరూ చూడకుండా బెల్టు పెట్టుకోవడం నేర్చుకుందామని వెళ్లినట్టున్నాడు. పెట్టుకోవడం వచ్చింది, విప్పుకోవడమే రాలేదు. చుట్టూ వీధి పిల్లలు చేరారు.

"శకుంతలా," అన్నాడు కిటికీలోంచి నీరసంగా, "ఒకసారి ఇట్లా రా."

శకుంతల వచ్చింది. ముందుగా కాఫీ అందించింది.

"తాగండి. ఈడనే బద్రంగా ఉండారు" అంది.