విసుర్రాయిని ఆపిన ఎక్స్‌రే మాట

రోగాలకు తెలుగులో పేర్లు పెట్టినవాడెవడో గానీ, వాడు జనానికి చేసినంత అపకారం ఆ రోగాలు కూడా చేయలేదు!

నవ్వకండి. మీ ఇంట్లోనే పరీక్షించి చూడండి. ‘తలనొప్పిగా ఉంది’ అనండి. ‘ఎండలో ఎవరు తిరగమన్నారు?’ అంటారు. అదే ‘మైగ్రేన్’ అనండి! కిటికీలు మూస్తారు, రేడియో కట్టేస్తారు, పిల్లల్ని వీధిలోకి తరిమేస్తారు. కడుపునొప్పికి దక్కేది చిటికెడు వాము. గ్యాస్ట్రయిటిస్‌కు బత్తాయి రసం!

ఇక ఎక్స్‌రే డాక్టర్ల మాటలున్నాయే, వాటి ముందు మిగతా వైద్యమంతా పసిపిల్లల ముద్దుమాటలే. ఒపాసిటీ! కాల్సిఫికేషన్! స్క్లెరోసిస్! నిలబడి విన్నవాడు కూర్చుంటాడు, కూర్చుని విన్నవాడు పడుకుంటాడు. అర్థం కాకపోవడమే వాటి మహిమ. నమ్మకం కలగకపోతే మా జహీరాబాద్ మహాదేవమ్మ సంగతి వినండి.

మహాదేవమ్మ బజార్లో పప్పుల దుకాణం నడిపే చెన్నబసప్ప భార్య. ఇంటినిండా మనుషులు, రెండు పూటలా జొన్నరొట్టెలు. ఊళ్లోకి పిండి గిర్ని వచ్చి చాలాకాలమైంది. కానీ గిర్నిలో పట్టిస్తే పిండి వేడెక్కి జిగి పోతుందనీ, రొట్టె అంచులు విరుగుతాయనీ అత్తగారు నారమ్మ సిద్ధాంతం. సిద్ధాంతం అత్తగారిది, విసుర్రాయి కోడలిది.

నడుం నొప్పిగా ఉందని మహాదేవమ్మ కాపురానికి వచ్చిన కొత్తల్లోనే చెప్పింది. “నడుము అన్నంక నొయ్యదా?” అంది నారమ్మ. కొన్నాళ్లకు మళ్లీ చెప్పింది. ఈలోగా పెద్దలు కూర్చుని, భాషలు లెక్కచూసి, మా ఊరిని బీదరు జిల్లాలోంచి తీసి మెదకు జిల్లాలో కలిపారు. జిల్లా మారింది, రాష్ట్రం మారింది. మహాదేవమ్మ నడుం నొప్పి మాత్రం ఏ కమిషన్ దృష్టికీ రాలేదు.

ఒకనాడు విసుర్రాయి ముందు కూర్చున్న మనిషి లేవలేకపోయింది. ఆ పూట రొట్టెలు లేవు. రొట్టెలు లేవనేసరికి ఆ నొప్పి ఇంటిల్లిపాదికీ ఒక్కసారిగా అర్థమైంది! చెన్నబసప్ప ఆమెను రైలెక్కించి హైదరాబాదు తీసుకుపోయి, నడుముకు ఎక్స్‌రే తీయించాడు. అక్కడి పెద్ద డాక్టరు ఫిల్మును వెలుతురుకు ఎత్తిపట్టి, పెదవి విరిచి, “సేక్రలైజేషన్, రెస్ట్” అని, తర్వాతి మనిషిని పిలిచాడు.

చెన్నబసప్పను తక్కువ అంచనా వేయకండి. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, నాలుగింటిలోనూ బేరమాడగల దిట్ట. ఆ నాలుగు భాషల్లో దేనిలో చెప్పినా భార్య నొప్పికి చలించని మనిషికి, ఐదో భాషలో ఒక్క మాట వినగానే చెమటలు పట్టాయి. తిరుగు ప్రయాణంలో మూట తనే మోశాడు. మహాదేవమ్మ ఖాళీ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక కొంగు పట్టుకుని నడిచింది.

మర్నాడు ఫిల్ము దుకాణానికి వచ్చింది. పక్క దుకాణం సిద్దప్ప దాన్ని ఎండకు పట్టి, అటూఇటూ తిప్పి, ఎముకలు లెక్కపెట్టాడు.

“బొక్కలన్ని మంచిగనే ఉన్నయి గద బసప్పా!”

“మంచిగనే కనవడ్తయి. లోపల సేక్రలైజేషన్ ఉన్నది.”

సిద్దప్ప ఫిల్మును రెండు చేతులతో మెల్లగా కింద పెట్టాడు. సాయంత్రానికి ఆ మాట న్యాల్‌కల్ దాకా పోయింది. చూడవచ్చిన చుట్టాలతో నారమ్మ, “మా కోడలిది మీ అసొంటోళ్లకు వచ్చే రోగం గాదు” అని కాస్త గర్వంగానే చెప్పింది.

జొన్నలు గిర్నికి వెళ్లాయి. రొట్టెల అంచులు విరిగాయో లేదో ఎవరూ చూడలేదు, అందరూ తినేశారు. మహాదేవమ్మ పొద్దున్నే అరుగు మీద కూర్చుని వీధిలో పోయే బండ్లను చూసేది. హాయిగా ఉండేది. ఆ హాయికి కొంచెం సిగ్గుగా కూడా ఉండేది.

ఇంతలో ఊళ్లోకి ఉపద్రవం వచ్చింది. బజారు చివర గ్రేసమ్మ అనే లేడీ డాక్టరు కొత్తగా దవాఖాన పెట్టింది. చదువుకున్న మనిషి, మంచి మనిషి. ఆమెకున్న దుర్గుణం ఒక్కటే. తెలుగులో చెబుతుంది!

చెన్నబసప్ప తెచ్చిన ఫిల్ము చూసి ఆమె అంది: “ఫికర్ చెయ్యకున్రి అన్నా. నడుములో ఆఖరి పూస కింది బొక్కతోని అతుక్కున్నది. పుట్టుకతోనే ఉంటది, పానానికేం గాదు. గని ఆమె నొప్పి నిజం. వంగి విసురుడు బంద్ చెయ్యాలె.”

‘పానానికేం గాదు’ దగ్గరే చెన్నబసప్ప చెవులు మూతపడ్డాయి. శుభవార్త మోసుకుని ఇంటికి పరుగెత్తాడు.

“పుట్టుకతోని ఉన్నదంటనే అమ్మా!”

“గట్లనా! అంటె వాళ్ల పుట్టింటోళ్లు పెట్టి పంపిందే గద!” అంది నారమ్మ.

మర్నాడు తెల్లారకముందే విసుర్రాయి మళ్లీ తిరిగింది. చూశారా, ఒక్క తెలుగు వాక్యం ఎంత పని చేసిందో!

నాలుగు రోజులు ఓర్చుకుని మహాదేవమ్మ ఒక్కతే దవాఖానకు వెళ్లింది.

“డాక్టరమ్మా, మీరు చెప్పింది మా ఇంట్ల అందరికి సమజైంది.”

“మంచిదే గదమ్మా?”

“ఏం మంచిది? సమజైనంక మళ్ల రాయి ముంగట కూసోబెట్టిన్రు. ఇంగ్లీషుల ఉన్నన్ని దినాలు నా నడుముకు ఇజ్జత్ ఉండె. జర వాళ్లకు సమజ్ గాకుంట చెప్పున్రి.”

గ్రేసమ్మ నవ్వింది. ఎదుటి మనిషి కళ్లలో నీళ్లు చూసి నవ్వు ఆపేసింది. వెంటనే చెన్నబసప్పకు కబురంపింది. అతను వచ్చాక కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని, గొంతు సవరించుకుంది.

“క్రానిక్ లంబోసేక్రల్ స్ట్రెయిన్!”

“అంటె... ఏందమ్మా?” నిలబడి ఉన్న చెన్నబసప్ప కూర్చున్నాడు.

“తెలుగుల చెప్తే లాభం లేదన్నా.”

ఆ సాయంత్రమే జొన్నలు గిర్నికి వెళ్లాయి. విసుర్రాయి గొడ్ల కొట్టంలోకి వెళ్లింది, మళ్లీ రాలేదు. నారమ్మ స్వయంగా కోడలి నడుముకు ఆముదం కాచి పట్టించింది.

కాబట్టి, వైద్యశాస్త్రాన్ని తెలుగులోకి తేవాలని సభలు పెట్టే పెద్దలకు చేతులెత్తి మొక్కుతున్నాను. ఆడవాళ్ల కడుపు కొట్టకండి! వాళ్లకున్న ఒక్క ఆసరా ఆ ఇంగ్లీషే.

ఇంతకీ ఆ పొడుగాటి మాటకు అర్థమేమిటంటారా? చెప్పకూడదు గానీ, చెన్నబసప్ప ఈ పత్రిక చదవడు కనుక చెబుతున్నాను. ‘చాలాకాలంగా ఉన్న నడుం నొప్పి’ అని. మహాదేవమ్మ కాపురానికి వచ్చిన కొత్తల్లో చెప్పిందే.